ఇంట్లో రెండు రోజులు ఒక్కడినే: చప్పుడు చెయ్యకుండా ఎలా గడపాలి?

వరండాకుర్చీ
శుక్రవారం సాయంత్రం ఏడింటికి మా ఆవిడ ఊరికి బయల్దేరుతుంది, ఆదివారం రాత్రి తొమ్మిదికి వస్తుంది. అంటే 50 గంటలు. ఎవర్నీ పిలవను, ఎక్కడికీ వెళ్లను, నెమ్మదిగా ఉండాలనే నిర్ణయం. "హాయిగా రిలాక్స్ అవ్వండి" లాంటివి వద్దు. ఏ టైముకి ఏం పెట్టుకోవాలి, ఒక్కరికే వండితే కొలతలు ఎలా మారతాయి, రాత్రి ఇంట్లో చప్పుళ్లకి నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలి, చేత్తో చేసే పని ఒకటేదైనా. అంకెలతో చెప్పండి. ఫోన్ పట్టుకుని సోఫాలో వాలితే రెండు రోజులూ ఆవిరైపోతాయని తెలుసు, అదొక్కటీ చెప్పక్కర్లేదు.

చిల్లరగంట
అదీ చెప్పొద్దంటే ఇక మాకు మిగిలిందేంటి సామీ.

నీడపట్టు
ముందు శుక్రవారం రాత్రి సంగతి. ఎక్కువగా ప్లాన్ చెడేది అక్కడే. తలుపు మూసిన గంటలోపే ఒక చప్పదనం వస్తుంది. దాన్ని దిగులనుకుని వెంటనే ఏదో ఒకటి ఆన్ చేసేస్తారు. 2018లో ఎన్‌గుయెన్, రయన్, డెసి చేసిన ప్రయోగాల్లో తేలిందేంటంటే, 15 నిమిషాలు ఒంటరిగా కూర్చుంటే హుషారు తగ్గుతుంది, దాంతోపాటే కోపమూ కంగారూ తగ్గుతాయి. మంచివైపూ చెడువైపూ రెండిటి జోరూ దిగుతుందన్నమాట. ఒంటరితనం తాము కోరుకున్నదైతే ఆ దిగడమే విశ్రాంతిగా అనిపిస్తుంది. కాబట్టి ఆ చప్పదనం వచ్చిందంటే ఏదో తేడా చేసిందని కాదు, మొదలైందని. దాన్ని ఓ అరగంట అలా ఉండనివ్వాలి. గిన్నెలు కడగడం, బట్టలు మడతపెట్టడం లాంటి చేతిపని ఏదైనా ఉంటే ఆ అరగంట తేలిగ్గా దాటుతుంది.

ఇక టైమ్‌టేబుల్. గంటగంటకీ రాసుకోకండి. రోజుకి రెండు మేకులు చాలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడూ ఆరింటి మధ్య ఒకటి. రెండోదే ముఖ్యం. భోజనం అయ్యాక కునికిపాటు, బయట వెలుగు ఇంకా ఉంటుంది, చేసే పని ఉండదు. వారాంతం ఫోన్‌లోకి జారిపోయేది ఆ మూడు గంటల్లోనే. మేకు అంటే "చదవాలి" అని కాదు, "మూడున్నరకి కిటికీ దగ్గర కుర్చీ, ఫలానా పుస్తకం, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి". చోటు, టైము, వస్తువు మూడూ ఉండాలి. పుస్తకం శుక్రవారం రాత్రే ఆ కుర్చీలో పెట్టెయ్యాలి.

ఎడంచెయ్యి
మేకులు కొట్టుకుంటే అది వారాంతం కాదు, ఇంకో ఆఫీసు. రెండు రోజులు ఏమీ అనుకోకుండా ఉంటేనే కదా ప్రశాంతత. ఆకలేస్తే తినడం, నిద్రొస్తే పడుకోవడం. అంతే.

నీడపట్టు
ఎడంచెయ్యి గారూ, వినడానికి బావుంటుంది. 2014లో వర్జీనియా యూనివర్సిటీలో టిమోతీ విల్సన్ బృందం మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది. చేతిలో ఏమీ లేదు, తమకి తామే చిన్న కరెంట్ షాక్ ఇచ్చుకునే బటన్ ఒకటి తప్ప. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది నొక్కారు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్లే వీళ్లంతా. "ఏమీ అనుకోకుండా ఉండటం" అంత తేలికైన పని కాదు.

చిల్లరగంట
ఆ 12 మందిలో ఒకాయన 190 సార్లు నొక్కాడంటారు, అతన్ని లెక్కలోంచి తీసేశారట. ఇప్పుడా బటన్ పేరు స్మార్ట్‌ఫోన్.

ఎడంచెయ్యి
సరే, ఒక్క మేకు ఒప్పుకుంటా. రెండోది మాత్రం ఒప్పుకోను.

రెండోజాము
నిద్ర సంగతి నేను చెప్తా. ఒంటరిగా ఉన్నప్పుడు పడుకునే టైము జరిగిపోతుంది. లైటు తీసెయ్యమనే మనిషి ఉండరు కదా. శుక్రవారం ఒంటిగంట, శనివారం రెండు, ఆదివారం పదింటికి లేవడం. ఇక సోమవారం పొద్దున ఒళ్లు వేరే దేశంలో ఉంటుంది. దీనికి 2006లో సోషల్ జెట్‌లాగ్ అని పేరు కూడా పెట్టారు. మందు ఒకటే: పడుకునే టైము ఎంత జరిగినా, లేచే టైము రోజూ కంటే గంటకి మించి జరగకూడదు. లేవగానే కర్టెన్లు తీసి వెలుగులో కూర్చోవాలి. శరీరంలోని గడియారం సర్దుకునేది పొద్దుటి వెలుగుని బట్టే.

మధ్యాహ్నం కునుకు 20 నిమిషాలు, అదీ మూడులోపే. 45 నిమిషాలో గంటో పడుకుంటే గాఢనిద్ర మధ్యలో లేస్తారు, ఆ మత్తు అరగంట దాకా వదలదు. అలారం 25 నిమిషాలకి పెట్టుకోండి, నిద్ర పట్టడానికి ఐదు నిమిషాలు పోతాయి. కాఫీ అయితే సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగింది రాత్రి పదికి కూడా సగం లోపలే ఉంటుంది.

కుంచెడుబద్ధకం
ఒక్క శనివారం పదింటికి లేస్తే కొంపలేం మునిగిపోవు.

రెండోజాము
శనివారం లేస్తే మునగవు. ఆదివారం లేస్తే ఆ రాత్రి పన్నెండున్నర దాకా నిద్ర పట్టదు, మళ్లీ ఇక్కడికే వచ్చి ఎందుకు పట్టట్లేదని అడుగుతారు. ఎక్కువసేపు పడుకోవాలంటే శనివారమే వాడుకోండి.

మెట్లకింద
ఒంటరిగా పడుకుంటే మెదడులో సగం మేలుకునే ఉంటుందని చదివా, అందుకే చిన్న చప్పుడుకీ లేస్తాం. దానికేం చెయ్యగలం?

రెండోజాము
అది ఒంటరితనం గురించి కాదండి, కొత్త చోటు గురించి. 2016లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు చూసింది, తెలియని చోట మొదటి రాత్రి ఎడమ అర్ధభాగం కాస్త తేలిగ్గా నిద్రపోతుందని. మన ఇంట్లో మన మంచం మీద దానికి పనేం లేదు. మనం లేచేది చప్పుడెక్కడిదో తెలియక. పక్కన మనిషి ఉంటే ఏ చప్పుడైనా వాళ్లదే అనుకుని నిద్రపోతాం, అంతే.

పాతతీగ
అయితే చప్పుళ్ల జాబితా నేనిస్తా, ముందే తెలిస్తే సగం నిద్ర మిగులుతుంది.

పదకొండు దాటాక టక్, టక్ అని చెక్క విరిగినట్టు వస్తే: పగలు వేడెక్కిన తలుపు చట్రాలు, అల్మరాలు, పైకప్పు చల్లబడి కుంచించుకుంటున్నాయి. ఇంట్లో మనిషి తిరిగినట్టు మాత్రం అనిపిస్తుంది.

ఫ్రిజ్: గుయ్‌మనడం కంప్రెసర్. అది ఆగాక గుటగుట వస్తే పైపుల్లో ద్రవం సర్దుకోవడం. ఒక్కసారిగా ఫట్ అంటే లోపలి ప్లాస్టిక్ వేడికీ చలికీ సాగి ముడుచుకోవడం. మూడూ మామూలే.

అసలు విలన్ పొగ అలారం. నిమిషానికోసారి చిన్నగా "కీచ్" అంటుంది, అదీ తెల్లవారుజామున మూడూ నాలుగింటికి. బ్యాటరీ పగలే అయిపోవచ్చింది గానీ, ఇల్లు చల్లబడే వేళకి దాని వోల్టేజీ ఇంకొంచెం పడిపోయి హద్దు దాటుతుంది. అందుకే మొదటి కీచు ఎక్కువగా రాత్రిపూటే. పొద్దున ఇల్లు వెచ్చబడగానే ఆగిపోతుంది, మీరు మర్చిపోతారు, మళ్లీ రాత్రి. కాబట్టి శుక్రవారమే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. కొత్త బ్యాటరీ వేశాక కూడా కీచుమంటే, బ్యాటరీ తీసేసి టెస్ట్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, లోపల మిగిలిన ఛార్జ్ పోయాక మళ్లీ వెయ్యండి. అప్పటికీ ఆగకపోతే వెనక తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటితే మొత్తం మార్చాల్సిందే.

చిల్లరగంట
నిచ్చెనెక్కి రాత్రి మూడింటికి బ్యాటరీ మార్చడం. ప్రశాంతమైన వారాంతం అంటే ఇదే.

అడ్డగడియ
చిల్లరగంట జోకేశారు గానీ అసలు పాయింట్ అదే. ఒంటరిగా ఉన్న రెండు రోజులూ నిచ్చెన, కరెంటు పని, బరువైన అల్మరా జరపడం మూడూ మానెయ్యండి. పని కష్టమని కాదు, పడితే చూసేవాళ్లుండరని. బ్యాటరీ శుక్రవారం ఇద్దరూ ఉండగానే మార్చెయ్యండి.

ఇంకో రెండు. ఎవరికైనా స్పేర్ తాళం ఇచ్చి, రాత్రి లోపల గడియ కూడా పెట్టుకుంటే ఆ తాళం దండగ, అవసరానికి బయటనుంచి తెరవలేరు. చాలా తాళాలకి లోపలివైపు తాళంచెవి దూర్చి వదిలేసినా బయటి చెవి తిరగదు. అది పక్కన మేకుకి తగిలించాలి. స్నానాల గదికి గడియ అసలే వద్దు, ఇంట్లో ఎవరూ లేరు కదా, ఎవరి కోసం? ఫోన్ లోపలికి తీసుకెళ్లి చెయ్యి అందే ఎత్తులో పెట్టండి. నేల మీద పడినా అందే ఎత్తు అని నా ఉద్దేశం, అద్దం పైన అలమర కాదు.

ముద్ద గొంతుకి అడ్డం పడితే: మాట రాకపోయినా ఎమర్జెన్సీ నంబర్ కలిపి, లైన్ కట్ చెయ్యకుండా అలాగే ఉంచండి. పిడికిలి బొడ్డుకి కొంచెం పైన, పక్కటెముకల కింద ఆనించి, కుర్చీ వీపు అంచు మీదకి గట్టిగా వంగి లోపలికీ పైకీ నొక్కుకోవాలి. వచ్చేదాకా అలాగే. చక్రాల కుర్చీ పనికిరాదు, జారిపోతుంది.

మెట్లకింద
ఇది చదివాక పెళ్లాం ఊరెళ్లకపోతేనే నయం అనిపిస్తోంది.

సగంగుడ్డు
వంట కొలతలు ఎవరూ ముట్టుకోలేదు. ఇద్దరి కొలతని సగం చేస్తే అన్నీ సగం కావు. గిన్నె అడుగుకి పూసే నూనె, ఆవిరయ్యే నీళ్లు, పట్టే టైము ఈ మూడూ సగం అవ్వవు. అన్నమే చూడండి. గింజ పీల్చుకునేది బియ్యాన్ని బట్టి, ఆవిరయ్యేది గిన్నె వెడల్పునీ టైమునీ బట్టి. రెండు కప్పుల బియ్యానికి మీ గిన్నెలో రెండున్నర కప్పుల నీళ్లు సరిపోతాయనుకుందాం, అందులో అరకప్పు ఆవిరి. ఒక కప్పుకి ఒకటింపావు పోస్తే పలుకు మిగులుతుంది. ఒకటిన్నర పొయ్యాలి. లేదా చిన్న గిన్నె వాడాలి. చిన్న గిన్నె మంచిది.

ఓవెన్‌లో చేసేవాటికి వేడి తగ్గించకూడదు, టైము తగ్గించాలి. మూడింట రెండు వంతుల దగ్గర మొదటిసారి చూడండి. సగం గుడ్డు కావాలంటే గిలక్కొట్టి తూకం వెయ్యండి. పెంకు తీసిన పెద్ద గుడ్డు 50 గ్రాములు, కాబట్టి 25. మిగతా 25 అదే రోజు అట్టులోకి.

కుంచెడుబద్ధకం
ఇవన్నీ ఎందుకు, శుక్రవారమే మూడు పూటలకి అన్నం వండి పడేస్తే?

సగంగుడ్డు
పడేసిన చోటే సమస్య. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. గిన్నెలో గోరువెచ్చగా గంటలు గంటలు వదిలేస్తే మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. "వేడి చేస్తే సరిపోతుంది" అనుకోవడమే తప్పు. దించాక వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు పెట్టాలి, ఒక రోజులో తినెయ్యాలి. కాబట్టి శుక్రవారం అన్నం శనివారం దాకానే. ఆదివారానికి మళ్లీ వండుకోండి, లేదా వండిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి.

వరండాకుర్చీ
నోట్ చేసుకున్నా. అల్మరా జరపడం నా లిస్టులో మొదటి పని, కొట్టేశా. మరి చేతిపని? మేకు నంబర్ రెండుకి ఏదో ఒకటి కావాలి. చప్పుడు ఉండకూడదు, కూర్చుని చెయ్యాలి, గంటలో అయిపోవాలి.

తడిరాయి
కత్తులు. ఇంట్లో అన్ని కత్తులూ మొద్దుబారి ఉంటాయి, దానికి చూడనక్కర్లేదు. సానరాయి 1000 గ్రిట్‌ది (రాయి రవ్వ ఎంత సన్నమో చెప్పే నంబర్) ఒకటి చాలు.

రాయి నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా ఉంచండి, పది పదిహేను నిమిషాలు. బల్ల మీద తడిగుడ్డ మడతపెట్టి దాని మీద రాయి, లేకపోతే జరుగుతుంది. కోణం 15 డిగ్రీలు. కొలిచే పరికరం అక్కర్లేదు: కత్తి రేకు వెడల్పు 45 మిల్లీమీటర్లు ఉంటే, వీపు రాయికి 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంత ఎత్తుకి నాణేలు దొంతరగా పెట్టి ఒకసారి చేతికి అలవాటు చేసుకోండి. కత్తి అంచుకి మార్కర్ పెన్‌తో నల్లగా గీసి, రెండుసార్లు రాయి మీద లాగి చూడండి. నలుపు అంచు కొనదాకా పోతే కోణం సరి. అంచు దగ్గర నలుపు మిగిలి పైన పోతే వీపు మరీ కిందకి ఉంది. అంచు కొన దగ్గర మాత్రమే పోతే మరీ ఎత్తారు.

ఎడమచేతి రెండు వేళ్లు అంచు దగ్గర ఆనించి, ఆ వేళ్లున్న చోటే ఒత్తిడి. పిడి వైపు నుంచి మొదలుపెట్టి ముక్క ముక్కగా కొనకి. ఒకే పక్క, అవతలి పక్క అంచు మీద సన్నటి గరుకు లేచేదాకా. వీపు నుంచి అంచు బయటకి బొటనవేలు అడ్డంగా జరిపితే పట్టుకున్నట్టు తగులుతుంది. అంచు వెంబడి పొడవునా మాత్రం వేలు జరపొద్దు, తెగుతుంది. గరుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా లేవకముందే పక్క మార్చడమే అందరూ చేసే తప్పు. "గంట రుద్దినా పదును రాలేదు" అంటే అదే కారణం. రెండో పక్క కూడా గరుకు లేచాక ఒత్తిడి సగానికి తగ్గించి, పక్కకి ఐదు, తర్వాత మూడు, తర్వాత ఒకటి చొప్పున మార్చి మార్చి. చివర పేపరు మడత మీద వీపు ముందుకి వచ్చేలా పదిసార్లు వెనక్కి లాగితే మిగిలిన గరుకు రాలిపోతుంది.

రాయి మీద చేరే బూడిదరంగు బురద కడగకండి, పని చేసేది అదీను. ఆరితే నాలుగు చుక్కల నీళ్లు. పళ్లున్న కత్తి ఈ రాయి మీద పెట్టకండి.

అసలు ఈ పని ఒంటరిగా ఎందుకంటే చెవి కావాలి. కోణం మారితే "సర్ర్" అనే చప్పుడు మారుతుంది. టీవీ మోగుతుంటే వినపడదు.

పాతతీగ
ఒక దిద్దుబాటు. అన్ని రాళ్లనీ నానబెట్టకూడదు. రెజిన్‌తో చేసినవి నానితే మెత్తబడి పగుళ్లొస్తాయి. వాటి మీద నీళ్లు చిలకరిస్తే చాలు. డబ్బా మీద చూసుకోండి.

తడిరాయి
ఒప్పుకుంటున్నా, చెప్పాల్సింది. ఇంకోటి: పాత రాయి అయితే మధ్యలో గుంట పడి ఉంటుంది. పెన్సిల్‌తో గళ్లు గీసి, అద్దం పలక మీద 220 నంబర్ తడి ఉప్పుకాగితం వేసి గళ్లు మొత్తం పోయేదాకా రుద్దండి. గుంట రాయి మీద కోణం నిలవదు.

ఎడంచెయ్యి
ఎడమచేతి వాటం వాళ్లకి?

తడిరాయి
అద్దంలో చూసి చదువుకోండి :)

గోరింటపొద
మావారు ఊరెళ్తే నాకొచ్చే ఆలోచనే ఇక్కడ ఇంకా ఎవరికీ రాలేదు, ఆశ్చర్యం. "తను లేనప్పుడు తన బల్ల సర్దేసి సర్‌ప్రైజ్ ఇద్దాం." వద్దు. ఎదుటివాళ్ల వస్తువుల్లో చెత్తలా కనిపించేదానికి పేరుంటుంది. ఊడిన స్క్రూ, దేనిదో తెలియని కేబుల్, సగం రాసిన చీటీ. మీవి మీరు సర్దుకోండి, ఉమ్మడివి దుమ్ము తుడవండి, వాళ్లవి ఉన్నచోటే.

మొక్కలు వాళ్లవైతే ఇంకా జాగ్రత్త. రెండు రోజులు ఒంటరిగా ఉన్నవాళ్లు మొక్కల్ని ఎండబెట్టి చంపరు, ప్రేమతో ముంచి చంపుతారు. వేలు రెండు సెంటీమీటర్లు మట్టిలో గుచ్చండి, తడి తగిలితే నీళ్లొద్దు. మొక్క వేళ్లకి గాలి కూడా కావాలి, మట్టి సందులన్నీ నీళ్లతో నిండితే కుళ్లుతాయి. పోశాక అరగంటకి కింద పళ్లెంలో మిగిలింది పారబొయ్యండి. వాడిపోయినట్టున్న ఆకు కనిపించగానే నీళ్లు పొయ్యకండి, ముంచినా వాడినట్టే వేలాడుతుంది. ఎప్పుడైనా ముందు వేలు.

నీడపట్టు
ఫోన్ సంగతి కూడా మీరే చెప్పాల్సింది గోరింటపొద గారూ.

గోరింటపొద
రోజంతా "ఏం చేస్తున్నావ్, తిన్నావా" అని ముక్కలు ముక్కలుగా మెసేజ్‌లు పెట్టుకుంటే ఇద్దరికీ ఉన్నచోట ఉన్నట్టుండదు. రాత్రి తొమ్మిదికో ఎప్పుడో ఒక్క కాల్, ఇరవై నిమిషాలు. టైము ముందే అనుకోవాలి, లేదంటే కాల్ రాని గంట బెంగగా మారుతుంది. మిగతా టైములో వాళ్ల నంబర్ ఒక్కటే మోగేలా పెట్టి అన్నీ మ్యూట్.

కుంచెడుబద్ధకం
ఆదివారం సాయంత్రం? ఆవిడొచ్చే ముందు అరగంటలో సింకు ఖాళీ చెయ్యడం నా స్పెషాలిటీ.

అడ్డగడియ
అరగంట చాలదు, గిన్నెలు తడిగా దొరికిపోతారు. ఏడున్నరకి మొదలెట్టండి. చెత్తబుట్ట, సింకు, దిండు గలీబు. అయ్యాక లోపలి గడియ తీసి ఉంచండి, బయట సామాను పట్టుకుని నిలబడాల్సిన పని లేకుండా.

వరండాకుర్చీ
ఫైనల్ చేశా. శుక్రవారం ఏడులోపు అలారం బ్యాటరీ, పుస్తకం కుర్చీలోకి. శనివారం లేటుగా లేస్తా, మూడున్నరకి పుస్తకం, రాత్రి తొమ్మిదికి కాల్. ఆదివారం పొద్దున మామూలు టైముకే లేవడం, కొత్తగా అన్నం, మధ్యాహ్నం కత్తులు. మొక్కలకి వేలు మాత్రమే. ఎడంచెయ్యి గారి కోసం ఆదివారం పొద్దున మేకు తీసేశా.

ఎడంచెయ్యి
ధన్యోస్మి.

తడిరాయి
ఒక్కటి మిగిలింది. కత్తులు నూరాక సబ్బుతో కడిగి తుడవండి, ఇనుప రజను అంటి ఉంటుంది. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే "కత్తులు పదును పెట్టా" అని చెప్పండి, సోమవారం పొద్దున దాకా ఆగొద్దు. మొద్దు కత్తికి అలవాటైన చెయ్యి మునుపటి బలంతోనే నొక్కుతుంది. కొత్త పదునుకి అందులో సగం కూడా అక్కర్లేదు, మిగతా బలం వేలి మీదకి పోతుంది.

చిల్లరగంట
చీటీ రాసి కత్తుల స్టాండుకి అంటించండి. మార్కర్ ఎలాగూ బయటే ఉంటుంది.